దేహమునందలి స్వీయముద్రలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము పురాణములను, కావ్యములను, వార్తాపత్రికలను ఊరివారికి అందించుచు వచ్చినది. అట్టి సంస్థ రజతోత్సవమున వైద్యశాస్త్ర విషయ మొకటి ప్రసంగాంశముగా గ్రహింపబడుటకు కారణము లేకపోలేదు. మూత్రపిండములు చెడి, వారమునకు రెండు మూడు పర్యాయములు పట్టణమునకు పోయి డయాలసిస్ చేయించుకొను రోగులు నేడు పెక్కు గ్రామములలో కనబడుచున్నారు. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమునందు ఈ వ్యాధి అనేక కుటుంబములను క్రుంగదీసిన సంగతి అందరకును తెలిసినదే. అట్టి యింటిలో ఒకనాడు వైద్యుడు, “మూత్రపిండము నిచ్చువారు ఎవరైన ఉన్నారా?” అని అడుగును. తల్లి ముందునకు వచ్చును, తమ్ముడు వచ్చును, భార్య వచ్చును. పరీక్షలైన పిమ్మట ఒకరిది సరిపోయినదనియు, మఱొకరిది సరిపోలేదనియు చెప్పుదురు. సరిపోవుట యనగా నేమి? తోడబుట్టిన వానిది సరిపోకపోవుటయు, ఏ సంబంధమును లేనివాని కంటిపొర మఱొకనికి చక్కగా అతుకుటయు ఎట్లు సంభవించుచున్నవి? ఈ ప్రశ్నలకు సమాధానము దేహములోని కణములపైనున్న కొన్ని ముద్రలలో నున్నది. ఆ ముద్రలు ఏ అవయవమున ఎంత మేరకు వెలువడియున్నవో తెలిసికొన్నచో చిక్కు చాలవరకు విడిపోవును.

పురాణములయందు వినాయకునకు గజశిరస్సును, దక్షునకు మేషశిరస్సును అతికిన కథలు కలవు. అవి దేవతల మహిమలే గాని శస్త్రవిద్యకు ప్రమాణములు కావు. శస్త్రవిద్యకు ప్రమాణము సుశ్రుతసంహిత. తెగిన ముక్కును చెంప చర్మముతో సంధించు విధానము అందు చెప్పబడినది. అట్టి విద్య పరంపరగా నిలిచి, 18వ శతాబ్ది చివర పూనాలో ఆంగ్లేయుల కంట బడినది. టిప్పు సుల్తాను సైన్యమునకు చిక్కి ముక్కు కోల్పోయిన కావస్జీ యను బండివానికి, నొసటి చర్మమును క్రిందికి త్రిప్పి ఒక దేశీయుడు క్రొత్త ముక్కు చేసెను. 1794 అక్టోబరులో లండనునందలి జెంటిల్మన్స్ మాగజైను ఆ వృత్తాంతమును పటముతో సహా ప్రకటించినది. ఇచ్చట గమనింపదగిన అంశ మొకటి కలదు. రోగి చర్మమే రోగికి అతుకబడినది. తనది తనకు అతుకును. పరునిది అతుకునా యను ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానము లభించుటకు మఱి నూటయేబది సంవత్సరములు పట్టినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండులో అగ్నిప్రమాదములకు లోనైనవారు ఎందరో ఆసుపత్రులకు వచ్చుచుండిరి. పీటర్ మెడవార్ అను జంతుశాస్త్రజ్ఞుడు గ్లాస్గో నగరమునకు పోయి, థామస్ గిబ్సన్ అను శస్త్రవైద్యునితో కలిసి పరిశోధన చేసెను. ఒళ్ళు కాలిన ఒక యువతికి ఆమె చర్మపు తునకలను కొన్నిటిని, ఆమె సోదరుని చర్మపు తునకలను కొన్నిటిని అతికిరి. ఆమెవి నిలిచినవి. సోదరునివి కొన్ని దినములు బ్రతికినట్లే యుండి రాలిపోయినవి. సోదరుని చర్మమునే రెండవసారి అతుకగా, అది మొదటిసారికంటె త్వరగా నశించినది. 1943లో ప్రకటితమైన ఈ పరిశీలనలోని సారమంతయు ఆ “త్వరగా” అను మాటలోనే యున్నది. దేహము పరుని ఒకసారి చూచి జ్ఞాపకము పెట్టుకొన్నది. రెండవసారి ఆలస్యము చేయలేదు. మశూచి టీకా వలన దేహమున కలుగు రక్షణ ఎట్టిదో, పరచర్మమును త్రోసివేయు శక్తియు అట్టిదే యని దీనివలన తేలినది. మెడవారునకు 1960లో నోబెల్ బహుమానము లభించినది.

దేహము పరుని గుర్తించుచున్నదన్నచో, గుర్తించుటకు ఒక గుర్తు ఉండవలెను. 1936–37 ప్రాంతమున లండనులో పీటర్ గోరర్ చిట్టెలుకల రక్తమును పరీక్షించుచు అట్టి గుర్తు నొకదానిని కనుగొనెను. అమెరికాలో జార్జి స్నెల్ ఎలుకల వంశములను తరతరములుగా పెంచి, ఆ గుర్తును శాసించు జన్యువుల స్థానమును నిర్ణయించెను. ఒకరి కణజాలము మఱొకరితో పొసగుటను నిర్ణయించునవి గావున వీనికి కణజాల సామరస్య ప్రతిజనకములని పేరు కలిగినది. ప్రతిజనకమనగా దేహములో ప్రతిఘటనను పుట్టించు పదార్థము. మనుష్యులలో మొదటి గుర్తును 1958లో పారిస్ నగరమున జాన్ దోసే కనుగొనెను. అదే కాలమున అమెరికాలో రోజ్ పేన్, హాలండులో యాన్ వాన్ రూడ్ అనువారు మఱొక వింతను చూచిరి. పలుమార్లు కాన్పులైన స్త్రీల రక్తమునందు పరుల తెల్లకణములను పట్టు ప్రతిరక్షకములు కనబడినవి. బిడ్డకు తండ్రినుండి సంక్రమించిన గుర్తులను తల్లి దేహము గర్భకాలమున గుర్తించినదని దీని యర్థము. మానవుల యందలి ఈ గుర్తులకు హెచ్.ఎల్.ఏ. యని నేడు వ్యవహారము. వీని జన్యువులు ఆరవ క్రోమోసోముపై ఒకేచోట గుంపుగా నున్నవి.

ఈ ముద్రలు రెండు తరగతులు. మొదటి తరగతిలో ఏ, బి, సి అనునవి ముఖ్యములు. రెండవ తరగతిలో డి.ఆర్., డి.క్యు., డి.పి. అనునవి ముఖ్యములు. ఒక్కొక్కదానిలో మనిషికిని మనిషికిని భేదములు మిక్కుటముగా నున్నవి. లోకమంతటను కలిపి ఇప్పటికి గుర్తింపబడిన రూపభేదములు 30,000కు పైబడినవి.

ఇచ్చట ఒక పూర్వపక్షము కలదు. సృష్టిలో ఎన్నడును ఒకరి మూత్రపిండమును మఱొకరు పెట్టుకొని యెఱుగరు గదా, మఱి ప్రకృతి ఈ ముద్రలను ఎందుకు కల్పించినది? శస్త్రవైద్యులను బాధించుటకా? దీనికి సిద్ధాంతము 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా నగరమునుండి వచ్చినది. పీటర్ డోహెర్టి, రోల్ఫ్ జింకర్‌నాగెల్ అను నిరువురు, వైరసు సోకిన కణమును చంపుటకు రక్షక కణము వైరసును మాత్రమే చూడదనియు, స్వీయముద్రతో కూడియున్న వైరసును చూచుననియు నిరూపించిరి. 1987లో హార్వర్డునందు పమేలా బ్యోర్క్‌మన్ మొదలైనవారు ఈ ముద్రయొక్క ఆకృతిని కిరణముల సాయమున చిత్రించిరి. దాని పైభాగమున దొన్నెవంటి పల్లము కలదు. ఆ పల్లములో చిన్న మాంసకృత్తు తునక ఇమిడియున్నది. కావున ఇది కేవలము ముద్ర కాదు, లోని వస్తువును బయట చూపు పళ్ళెరము.

గ్రామరీతిని చెప్పవలెనన్న, ఊరిలోని ప్రతి గృహస్థుడును తన యింట వండుచున్న పదార్థముల మచ్చులను కొద్దికొద్దిగా వీధి అరుగుపై పళ్ళెరములో పెట్టవలెనని ఒక కట్టుబాటు ఉన్నదనుకొనుడు. తలారి వీధి వెంట పోవుచు పళ్ళెరములను చూచును. తెలిసిన అన్నమే యున్నచో ముందునకు సాగును. విషపు గింజ కనబడినచో ఇల్లు సోదా చేయును. ఇది మొదటి తరగతి. ఇక దొంగను పట్టినవాడు దొంగసొత్తును రచ్చబండకు తెచ్చి పెద్దల ముందు పరచును. ఈ పని అందరును చేయరు, కాపలావారే చేయుదురు. బయటనుండి మ్రింగిన క్రిమి శకలములను పెద్దలకు చూపించు రెండవ తరగతి ఇట్టిది. మొదటిది ప్రతి ఇంటికిని విధి, రెండవది కాపలావారి అధికారము. ఏ అవయవమున ఏ ముద్ర యుండునను విషయమునకు మూలసూత్ర మిదియే.

ఈ సూత్రమును తెలిసికొనునప్పుడు గ్రంథాలయపు దృష్టాంతము కూడ ఉపకరించును. కేంద్రకము గల ప్రతి కణములోను మనిషి జన్యుగ్రంథములన్నియు ఉన్నవి. కంటిలోని కణమునను, కాలేయపు కణమునను ఉన్నవి ఒకే గ్రంథములు. కాని గ్రంథము బీరువాలో నుండుట వేరు, చందాదారుని చేతికి వచ్చి చదువబడుట వేరు. రెండవ తరగతి గ్రంథములను వెలికితీయుటకు ప్రత్యేకమైన తాళపుచెవి యొకటి కావలెను. సీ-టూ-టీ-ఏ యను ఆ తాళపుచెవిని 1993లో కనుగొనిరి. అది కాపలా కణములయందే సదా పనిచేయుచుండును. పుట్టుకతోనే అది చెడిన శిశువులు కొందరు కలరు. వారియందు రెండవ తరగతి ముద్రలు ఎచ్చటను వెలువడవు. వారు అంటువ్యాధులకు అతి సులభముగా లోబడుదురు. ముద్ర లేకపోవుటవలన కలుగు నష్టమునకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇక అవయవములను వరుసగా పరామర్శింతము.

రక్తములోని తెల్లకణములలో లింఫోసైటులను ముందుగా చెప్పవలెను. మొదటి తరగతి ముద్రలు వీనిపై దట్టముగా నుండును. ఒక్కొక్క కణముపై వీని సంఖ్య లక్షను మించును. లింఫోసైటులలో బి-కణములను నవి రెండవ తరగతి ముద్రలను కూడ ధరించును. ప్లీహము, శోషగ్రంథులు ఈ కణములకు నిలయములు గావున అవియు ముద్రలతో నిండియుండును. మూత్రపిండము సరిపోవునా యని చూచుటకు మూత్రపిండమును కోయక, దాత రక్తములోని లింఫోసైటులను పరీక్షించుటకు కారణ మిదియే. ఒక మనిషి ముద్ర ఏ అవయవముననైనను ఒక్కటే; దట్టముగను, సులభముగను దొరకుచోట చూచుట లాభము.

రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథి రక్షక కణములకు గురుకులము వంటిది. అందు రెండు తరగతుల ముద్రలును వెలువడియుండును. స్వీయముద్రను అసలే గుర్తింపలేని శిష్యులును, స్వీయముద్రపై మితిమీరిన క్రోధము గల శిష్యులును అచ్చటనే నశింతురు. మధ్యమార్గము నెఱిగినవారే బయటకు వత్తురు.

చర్మమునందు మొదటి తరగతి ముద్రలు కలవు. అదిగాక పైపొరలో లాంగర్‌హాన్స్ కణములను కాపలావారు రెండవ తరగతి ముద్రలతో బారులు తీరియుందురు. బయటి లోకమునకు సరిహద్దు చర్మమే గదా. సరిహద్దున కాపలా మెండుగా నుండుట సహజము. అందువలననే పరచర్మము మిక్కిలి తీవ్రముగా త్రోసివేయబడును. మెడవార్ చర్మముతో పరిశోధన ప్రారంభించుటవలన ఈ శక్తి అంత స్పష్టముగా కంటబడినది.

మూత్రపిండము రక్తనాళముల పుట్ట. దానిలోని సన్నని నాళముల లోపొరపై రెండు తరగతుల ముద్రలును ఉన్నవి. మూత్రపిండమును మార్చినప్పుడు రోగి రక్తము మొట్టమొదట తాకునది ఆ లోపొరనే. రోగి రక్తమునందు ఆ ముద్రలకు విరుద్ధమైన ప్రతిరక్షకములు ముందే యున్నచో, క్రొత్త మూత్రపిండము కొన్ని నిమిషములలోనో గంటలలోనో నల్లబడి చెడిపోవచ్చును. దాత కణములను రోగి రక్తద్రవముతో కలిపి ముందుగా చేయు పరీక్ష ఈ ప్రమాదమును తప్పించుటకొఱకే.

కాలేయపు కణములపై మొదటి తరగతి ముద్రలు పలుచగా నుండును. రెండవ తరగతివి సాధారణముగా నుండవు. కాలేయమునకు ఓర్పు అధికము. కాలేయమార్పిడియందు రక్తవర్గమునకును, అవయవ పరిమాణమునకును ఇచ్చునంత ప్రాధాన్యమును ముద్రల పోలికకు వైద్యులు ఇయ్యరు. కండరముల పోగులపై ముద్రలు అత్యల్పములు.

నాడీకణములపై, శాంతస్థితిలో, ముద్రలు దాదాపు కనబడవు. ఇది ప్రకృతి లోపముగా తోచవచ్చును గాని, ఇందొక వివేకము కలదు. చర్మపు కణము చచ్చినచో మఱొకటి పుట్టును. మెదడులోని కణము చచ్చినచో ఆ స్థానము తఱచు పూడదు. అచ్చట తలారి తొందరపడి ఇండ్లు కూల్చినచో ఊరే పాడగును. అయితే ఈ దయకు మూల్యమును చెల్లింపవలసియున్నది. చిన్ననాట ఆటలమ్మ పోసినవాని నాడీగ్రంథులలో ఆ వైరసు దశాబ్దములు దాగియుండి, ముసలితనమున నడుము చుట్టునో ముఖముమీదనో సర్పి పొక్కులుగా బయటపడుటకు, నాడీకణములపై ముద్రలు కొఱవడుటయు ఒక కారణము.

ఎఱ్ఱకణము కథ మఱియు విచిత్రము. పరిణతి చెందునప్పుడు అది తన కేంద్రకమునే విడిచివేయును. అనగా బీరువానే బయట పారవేయును. కావున దానిపై హెచ్.ఎల్.ఏ. ముద్రలు లేవని చెప్పదగును. దానిపై నుండునవి 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రకటించిన రక్తవర్గపు గుర్తులు. రక్తమెక్కించునప్పుడు ఏ, బి, ఓ వర్గములను, ఆర్‌హెచ్ గుర్తును చూచిన సాధారణముగా చాలుటకు హేతు విదియే. ఈ ఏర్పాటు రక్తదానమునకు వరమైనను, మలేరియాకును వరమైనది. మలేరియా క్రిమి దోమలో నుండునని 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ కనుగొన్న సంగతి విఖ్యాతము. దోమ కాటుతో దేహమును చేరిన క్రిమి తొలుత సుమారొక వారము కాలేయపు కణములలో నుండును. ఆ కణములకు ముద్రలు కలవు. అచ్చట తలారి దానిని పట్టగలడు. ఫాల్సిపారం జాతి క్రిమి ఆపై పరిణతి చెందిన ఎఱ్ఱకణములలో చొరబడును. అరుగు లేదు, పళ్ళెరము లేదు. లోనేమి జరుగుచున్నదో చూపువారు లేరు. క్రిమి నిశ్చింతగా వృద్ధిచెందును. ఒక కణముపై ఒక ముద్ర యుండుట, ఉండకపోవుట అను భేదము ఊళ్ళను మంచమెక్కించిన జ్వరమునకు సాయపడినదన్నమాట.

కంటి నల్లగ్రుడ్డుపై గాజువలె నుండు స్వచ్ఛపటలమును కార్నియా యందురు. అందు రక్తనాళములు లేవు. మొదటి తరగతి ముద్రలు స్వల్పములు. నడిమి భాగమున రెండవ తరగతి ముద్రలు గల కాపలా కణములు అరుదు. రక్తము పోనిచోటికి రక్షక కణములు పోవుట కష్టము. పోయినను చూచుటకు అచ్చట ఉన్నది కొంచెము. 1905 డిసెంబరు 7వ తేదీన, నేడు చెక్ దేశములో నున్న ఓలోమౌత్స్ నగరమున ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు, సున్నము పడి చూపు పోయిన ఒక కూలివానికి మఱొకరి స్వచ్ఛపటలమును అతికి చూపు తెప్పించెను. అప్పటికి ముద్రల సంగతి ఎవరును ఎఱుగరు. కంటియందు ముద్రలు కొఱవడియుండుటయే ఆ వైద్యునికి తెలియకయే తోడ్పడినది. అయితే పుండ్లవలన స్వచ్ఛపటలములోనికి రక్తనాళములు ప్రాకిన కన్నులకు ఈ సౌలభ్యము తగ్గును. అట్టి కన్నులలో అతుకు విఫలమగుట ఎక్కువ.

మావిని గూర్చి చెప్పనిచో ఈ విషయము పూర్తి కాదు. శిశువు సగము తండ్రి. తండ్రి చర్మపు తునకను తల్లిపై అతికిన నిలువదు. తండ్రి ముద్రలు గల శిశువు తొమ్మిది మాసములు కడుపులో ఎట్లు నిలిచెను? ఈ ప్రశ్నను మెడవారే 1953లో వేసెను. తల్లి రక్తమును నేరుగా తాకు మావి పైపొరపై ఏ, బి ముద్రలు గాని, రెండవ తరగతి ముద్రలు గాని వెలువడవు. గర్భాశయములోనికి చొచ్చుకొనిపోవు మావి కణములు సి ముద్రతోబాటు, మనిషికిని మనిషికిని పెద్దగా భేదము లేని జి యను ముద్రను ధరించును. ఆ జి ముద్ర తల్లి రక్షక కణములను శాంతింపజేయును. పూర్తిగా ముద్రలు లేకుండుట ఎందుకు చాలదన, రక్తమున సహజ హంతక కణములను మఱొక జాతి కాపలా కలదు. దుష్యంతుడు ఉంగరము కానరానందున శకుంతలను కాదన్నట్లు, ఈ కణములు ముద్ర లేనివానినే అనుమానించి చంపును. ఈ సూత్రమును స్వీడనులో క్లాస్ కేరె 1986 ప్రాంతమున ప్రతిపాదించెను. ముద్రలను అణచివేసి దాగదలచు కొన్ని వైరసులకును, కొన్ని పుట్టకురుపులకును ఈ కణములే ప్రత్యర్థులు.

ముద్రల పరిమాణము స్థిరముగా నుండునని కూడ తలపరాదు. వాపు గాని, అంటువ్యాధి గాని కలిగినప్పుడు ఇంటర్‌ఫెరాన్ అను పదార్థము వెలువడును. దాని ప్రభావమున మొదటి తరగతి ముద్రలు దట్టమగును. మామూలుగా రెండవ తరగతి ముద్రలు లేని కణములు సైతము వానిని ధరింపసాగును. మార్చిన మూత్రపిండమున్న రోగి చిన్న జ్వరమును కూడ అశ్రద్ధ చేయరాదని వైద్యులు హెచ్చరించుటలో ఇదియు నొక హేతువు.

ఈ ముద్రలు సంతానమునకు ఎట్లు సంక్రమించుచున్నవో లెక్కకట్టి చూడవచ్చును. ఆరవ క్రోమోసోముపైనున్న ముద్రలన్నియు సాధారణముగా విడిపోక ఒకే దస్తావేజుల కట్టవలె బిడ్డకు చేరును. తండ్రికి రెండు కట్టలు, తల్లికి రెండు కట్టలు. బిడ్డకు తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి వచ్చును. కావున తల్లియైనను తండ్రియైనను బిడ్డతో సగమే పోలును. తోడబుట్టినవారిరువురలో, రెండు కట్టలును కలియుటకు నాల్గింట ఒక పాలు, ఒక్కటి కలియుటకు నాల్గింట రెండు పాళ్ళు, ఏదియు కలియకుండుటకు నాల్గింట ఒక పాలు అవకాశము కలదు. రోగికి ఒక్క తోబుట్టువు ఉన్నచో పూర్తిగా పోలు దాత దొరకు అవకాశము నూటికి 25, ఇరువురున్నచో సుమారు 44, మువ్వురున్నచో 58, నలుగురున్నచో 68.

ఈ లెక్కలో ఒక గృహధర్మము ఇమిడియున్నది. తమ్ముని ముద్రలు అన్నతో ఏమాత్రము కలియలేదని ఆసుపత్రివారు చెప్పినంతనే, కొన్ని ఇండ్లలో గుసగుసలు పుట్టును. తల్లి శీలముపై మాట పడును. ఇంతకంటె అన్యాయము మఱొకటి లేదు. ఒకే తల్లికి, ఒకే తండ్రికి పుట్టిన బిడ్డలలోనే నాల్గింట ఒక పాలు ఇట్లు జరుగుట గణితసిద్ధము. ముద్ర కలియలేదనుట బంధుత్వము లేదనుట కాదు. ప్రేమ లేదనుట అసలే కాదు. మూత్రపిండము ఇయ్యబోయి సరిపడక వెనుదిరిగిన తమ్ముడు, ఇచ్చిన వానికంటె ఎందునను తక్కువ కాడు.

మేనరికములు గల కుటుంబములలో ఈ లెక్క కొంత మారును. భార్యాభర్తలిరువురకును ఒకే పూర్వికునినుండి ఒకే కట్ట సంక్రమించియుండవచ్చును. అప్పుడు బిడ్డ తల్లితోనో తండ్రితోనో పూర్తిగా పోలుటయు సంభవము. కావున అట్టి కుటుంబములలో తల్లిదండ్రులను, దగ్గరి చుట్టములను కూడ పరీక్షించుట లాభకరము. ఇది మేనరికములకు ప్రశంస గాదు. రక్తసంబంధపు వివాహములవలన థలసీమియా మొదలగు వంశపారంపర్య వ్యాధులు పెరుగు ప్రమాదము అంతకంటె పెద్దది.

కవలల విషయమున ఈ శాస్త్రమునకు తొలి విజయము లభించినది. 1954 డిసెంబరు 23వ తేదీన బోస్టన్ నగరమున జోసెఫ్ మర్రే, ఒకే అండమునుండి పుట్టిన కవల సోదరులలో ఒకని మూత్రపిండమును మఱొకనికి అమర్చెను. ముద్రలన్నియు సమానములే గావున దేహము దానిని తనదిగానే ఎంచినది. రోగి మఱి ఎనిమిది సంవత్సరములు జీవించెను. కవలలు లేనివారికి గతి ఏమి? ముద్రల భేదమును చూచియు రక్షక కణములు సహించునట్లు చేయు ఔషధములు క్రమముగా వచ్చినవి. మన దేశమున 1971లో వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలయందు మూత్రపిండపు మార్పిడి సఫలమైనది. నేడు ఔషధముల మహిమవలన ముద్రలు అంతగా కలియని భార్య మూత్రపిండము కూడ భర్తకు ఏండ్ల తరబడి పనిచేయుచున్నది. భర్త మూత్రపిండమును భార్యకు పెట్టునప్పుడు మాత్రము మఱింత జాగ్రత్త అవసరము. కాన్పులవలన ఆమె రక్తమునందు భర్త ముద్రలకు విరుద్ధమైన ప్రతిరక్షకములు ఏర్పడియుండవచ్చును. పలుమార్లు రక్తమెక్కించుకొన్నవారియందును, ఆ రక్తములోని తెల్లకణముల కారణముగా, ఇట్టివి పుట్టవచ్చును. మూత్రపిండపు మార్పిడి కోరువారు అవసరము లేని రక్తమెక్కింపును మానవలెననుట ఇందువలననే.

ఎముకల మూలుగను మార్చునప్పుడు నియమము తలక్రిందులగును. అక్కడ మార్చబడునవి రక్షక కణముల మూలకణములే. క్రొత్త తలారులు పాత ఊరిలో ప్రవేశించి, ఊరంతయు పరులదేయని తలచి, రోగి చర్మముపైనను, ప్రేగులపైనను, కాలేయముపైనను పడుదురు. కావున మూలుగ విషయమున ముద్రల పోలిక మిక్కిలి సూక్ష్మముగా చూడబడును. రక్తవర్గము వేరైనను అడ్డు కాదు. ఈ అంతఃకలహమును అణచుటకు వాడు మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలమున వెలువడిన మందు అది. తెలుగువాని ప్రజ్ఞ ఈ విధముగా ఎందరి దేహములలోనో శాంతి నెలకొల్పుచున్నది.

ముద్రలు సరిపోవువారు తమ జనసముదాయములోనే దొరకు అవకాశము ఎక్కువ. తోబుట్టువులలో దొరకని తెలుగు రోగికి, తెలుగువారిలో ఎందరు యువకులు దాతల పట్టికలలో పేరు వ్రాయించుకొనియున్నారో అంత ఆశ. పేరు వ్రాయించుకొనుటకు చెంప లోపలి పొరను దూదిపుల్లతో తుడిచి ఇచ్చిన చాలును. ముద్ర అచ్చట పలుచగా నున్నను, దాని జన్యుగ్రంథము అచ్చటను సంపూర్ణముగా నున్నది గదా.

కన్నులకు ఈపాటి చిక్కును లేదు. మామూలుగా ముద్రల పోలిక చూడకయే స్వచ్ఛపటలమును అతుకుదురు. దాత ముసలివాడైనను, కళ్ళద్దములు పెట్టుకొన్నవాడైనను అభ్యంతరము లేదు. మరణానంతరము ఆరు గంటలలోపల నేత్రనిధివారికి కబురు చేరి, వారు వచ్చి తీసికొనవలెను. అంతవరకు కనురెప్పలు మూసియుంచి, వానిపై తడిగుడ్డ వేయవలెను. ముఖము వికారము కాదు. అగ్నికో భూమికో అప్పగించు కన్నులు రెండు ఇద్దరికి వెలుగు నీయగలవు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవిజ్ఞాన సంస్థ మొదలగుచోట్ల ఈ కార్యము నిరంతరము జరుగుచున్నది.

దేహము స్వపరభేదమును విడువదు, విడిచినచో బ్రతుకదు. కాని అదే దేహము మావియందు పరుని సహించుచున్నది, కంటియందు పరుని ఆదరించుచున్నది, ఔషధ సహాయమున పరుని మూత్రపిండమును తనదిగా ఏలుకొనుచున్నది. ఎక్కడ కాపలా ఎక్కువగా నుండవలెనో, ఎక్కడ తక్కువగా నుండవలెనో ఎఱిగి మసలుటయే దాని రహస్యము. ఈ రహస్యము నెఱిగిన గ్రామస్థుడు, ఆసుపత్రిలో సంతకము చేయునప్పుడు భయపడడు. సరిపోలేదన్నప్పుడు తోబుట్టువును నిందింపడు. పోవునప్పుడు కన్నులను వెంట తీసికొనిపోడు. గ్రంథాలయము ఇచ్చు జ్ఞానమునకు ఇంతకుమించిన ఫలము వేరొకటి లేదు. ఈ సంస్థ స్వర్ణోత్సవమును కూడ ఊరివారు ఇట్లే కలిసి జరుపుకొందురు గాక.